నల్ల తెరా? బొమ్మల తెరా? – నెట్‌వర్క్ కాపలా చరిత్ర



మన పెన్షను ఇప్పుడు కాగితం బిల్లు మీద నడవడం లేదు. ట్రెజరీ కంప్యూటరు నుంచి బ్యాంకు కంప్యూటరుకు, అక్కడి నుంచి మన ఖాతాకు తీగల మీదుగా వస్తున్నది. లైఫ్ సర్టిఫికెట్టు సైతం ఇంటి నుంచే సెల్‌ఫోనులో ఇస్తున్నవారు మనలో చాలామంది ఉన్నారు. భూమి హక్కుల లెక్క 29 అక్టోబరు 2020 నాడు ధరణి పోర్టల్‌కు ఎక్కింది, 14 ఏప్రిల్ 2025 నాడు దాని స్థానంలో భూభారతి మొదలైంది. అంటే మన తిండి, మన భూమి రెండూ కంప్యూటర్ల కాపలాలో ఉన్నాయన్న మాట. ఆ కంప్యూటర్ల ముందు ఉండే కాపలా గేటు పేరు ఫైర్‌వాల్.

ఈ గేటును నడిపే పద్ధతులు రెండు. నల్ల తెర మీద అక్షరాలతో ఆజ్ఞలు టైపు చేయడం ఒకటి, దీనిని కమాండ్ లైన్ అంటారు. తెర మీద బొమ్మలు, గడులు, బటన్లు చూసి మౌసుతో నొక్కడం రెండవది, ఇది గ్రాఫికల్ పద్ధతి. వీటిలో ఏది మేలన్న వాదన కంప్యూటరు పనివారిలో ముప్ఫై ఏండ్లుగా నడుస్తున్నది. అది ఇంజినీర్ల తగాదా, ఫైళ్లు మోసిన గుమాస్తాలకు అందులో పనేమిటి అని మీరు అడగవచ్చు. పని ఉన్నదని నా మనవి. దాని చరిత్ర చదివితే, ఆ వాదన తేలే చోటు మన రిజిస్టర్లలోనే కనబడుతుంది.

నాకా నుంచి ఫైర్‌వాల్ దాకా

నిజాం సర్కారులో కరోడ్‌గిరీ మహకమా ఉండేదని, అంటే సుంకాల శాఖ ఉండేదని మన పెద్దలు చెప్పగా విన్నాము. నల్లగొండ జిల్లాకు కృష్ణ ఆవల గుంటూరు జిల్లా, మహబూబ్‌నగర్ జిల్లాకు దిగువన కర్నూలు జిల్లా ఉండేవి. అవి రెండూ అప్పుడు మద్రాసు రాజ్యంలోనివి. హద్దు దాటే సరుకుకు నాకాలో లెక్క ఉండేది. ఏ సరుకు, ఎక్కడి నుంచి, ఎక్కడికి, ఎంత సుంకం అన్నది జాబితాలో చూసి నాకా మనిషి బండిని వదిలేవాడు, లేదా ఆపేవాడు. హైదరాబాదు రాష్ట్రం ఇండియన్ యూనియనులో కలిసిన తరువాత 1950ల నడుమకు ఆ సుంకం రద్దయింది.

ఫైర్‌వాల్ చేసే పని కూడా అదే. కంప్యూటరు సమాచారం చిన్న చిన్న పొట్లాలుగా ప్రయాణిస్తుంది. ప్రతి పొట్లం మీద పంపినవారి చిరునామా, చేరవలసిన చిరునామా, పోర్టు నంబరు ఉంటాయి. పోర్టు నంబరును కచేరీలోని సెక్షను నంబరు వంటిదనుకోండి. 25 అంటే ఈ-మెయిలు, 443 అంటే భద్రత గల వెబ్‌సైట్లు, 445 అంటే విండోస్ కంప్యూటర్లు తమలో తాము ఫైళ్లు పంచుకునే సెక్షను. గేటు దగ్గర రూళ్ల జాబితా ఒకటి ఉంటుంది. దానిని పై నుంచి కిందికి చదువుతూ పోతారు. మొదట ఏ రూలుకు పొట్లం సరిపోతే ఆ రూలు చెప్పినట్లు వదలడమో ఆపడమో జరుగుతుంది. ఏ రూలుకూ సరిపోనిదాన్ని ఆపమని చివరన రాసి ఉంచడం మంచి పద్ధతి. కాబట్టి రూలు ఎంత ముఖ్యమో, దాని వరుస కూడా అంతే ముఖ్యం. 2001లో ఓపెన్‌బీఎస్‌డీ అనే వ్యవస్థతో వచ్చిన పీఎఫ్ అనే ఫైర్‌వాల్‌లో మాత్రం మామూలుగా చివర సరిపోయిన రూలుదే నెగ్గు. ఒక కచేరీ పద్ధతి మరో కచేరీలో చెల్లనట్లే ఇది కూడా.

మాటలతో నడిపిన రోజులు

2 నవంబరు 1988 నాడు అమెరికాలో ఒక విద్యార్థి వదిలిన ప్రోగ్రాము, తరువాత మోరిస్ వర్మ్ అని పేరుపడింది, సుమారు 6,000 కంప్యూటర్లను ముంచిందని అప్పటి అంచనా. నమ్మకం మీద నడిచే ఆ చిన్న ప్రపంచానికి గేటు కావాలన్న సంగతి దానితో గట్టిగా తెలిసి వచ్చింది. అదే కాలంలో డిజిటల్ ఈక్విప్‌మెంట్ కార్పొరేషన్ ఇంజినీర్లు పొట్లాలను వడపోసే తొలి పద్ధతుల మీద పని చేశారు. అప్పటి గేట్లన్నీ నల్ల తెర మీదనే నడిచేవి. ఒక ఆజ్ఞను మన భాషలో పెడితే ఇలా ఉంటుంది: "లోనికి వచ్చేవాటి జాబితాకు చేర్చు, టీసీపీ, పోర్టు 445, పారవేయి." ఒక్క పంక్తి, అంతే.

మన రాష్ట్రంలోనూ కంప్యూటరు మొదట నల్ల తెరగానే వచ్చింది. 1976లో పుట్టిన నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ 1980ల చివరకు ఉపగ్రహం ద్వారా జిల్లా కేంద్రాలను కలిపింది. కలెక్టరేటులో చల్లని గది, చెప్పులు బయట విడిచి పోవడం, లోపల తెర మీద ఆకుపచ్చ అక్షరాలు మీకందరికీ గుర్తుండే ఉంటాయి. ఉర్దూ మిసళ్లు తిరగేసిన పెద్దల దగ్గర పని నేర్చుకుని, ఇంగ్లీషులో నోట్లు రాసి, 1966 అధికార భాషా చట్టం తరువాత తెలుగుకు మళ్లిన తరం మనది. కంప్యూటరు ఆజ్ఞలు మనకు నాలుగవ భాష. ఒక చుక్క తప్పినా అది పలకదు. అందుకే చాలామంది ఆ గది గడప తొక్కలేదు.

కానీ ఆ భాషకు ఒక గుణమున్నది. రాసినది రాసినట్లే నిలుస్తుంది. రూళ్లన్నిటినీ ఒక ఫైలులో దాచవచ్చు, ముద్రించి చదవవచ్చు, నిన్నటి ఫైలును నేటి ఫైలుతో పోల్చి ఏ పంక్తి మారిందో క్షణంలో పట్టవచ్చు. నూరు కచేరీలలోని నూరు గేట్లకు ఒకే మార్పును ఒకే రాత్రి పంపవచ్చు. 2001 జనవరిలో లినక్స్‌తో వచ్చిన ఐపీటేబుల్స్, 2014 జనవరిలో వచ్చిన ఎన్‌ఎఫ్‌టేబుల్స్ ఈ దారిలోవే. ఎన్‌ఎఫ్‌టేబుల్స్‌లో జాబితా మొత్తాన్ని ఒక్కసారిగా మార్చవచ్చు, సగం పాతది సగం కొత్తదిగా ఉండే క్షణమే ఉండదు.

బొమ్మలు వచ్చాయి

1993లో ఇజ్రాయెల్‌లో చెక్ పాయింట్ అనే సంస్థ పుట్టింది. 1994లో అది ఫైర్‌వాల్-1 అనే సరుకును బజారులో పెట్టింది. దాని ప్రత్యేకత తెరలోనే ఉన్నది. రూళ్లు ఒక పట్టికలా కనబడేవి. ఎవరి నుంచి, ఎవరికి, ఏ సేవ, వదలాలా ఆపాలా అని వరుసగా గడులు. రంగులు, బొమ్మలు, మౌసు. మన ఇన్‌వార్డు రిజిస్టరు చూసిన ఎవరికైనా ఆ పట్టిక పది నిమిషాలలో అర్థమవుతుంది. గేటు కాపలా నిపుణుల గది నుంచి మామూలు కార్యాలయానికి వచ్చింది ఇటువంటి పట్టికల వల్లనే.

మనకు 15 ఆగస్టు 1995 నాడు విదేశ్ సంచార్ నిగమ్ ఇంటర్నెట్‌ను ప్రజలకు తెరిచింది. 4 నవంబరు 1998 నాడు రిజిస్ట్రేషన్ శాఖలో కార్డ్ పథకం మొదలైంది. 2001లో ఈ-సేవ, 4 నవంబరు 2011 నాడు మీ-సేవ వచ్చాయి. మార్చి 2005లో కేంద్రం అన్ని రాష్ట్రాలకు స్టేట్ వైడ్ ఏరియా నెట్‌వర్క్ పథకాన్ని మంజూరు చేసింది. 11 అక్టోబరు 2016 నాడు నల్లగొండ మూడు జిల్లాలైంది. మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల వేరుపడ్డాయి, 2019 ఫిబ్రవరిలో నారాయణపేట కూడా వచ్చింది. కొత్త కలెక్టరేటు అంటే కొత్త బోర్డు మాత్రమే కాదు, కొత్త లింకు, కొత్త చిరునామాలు, కొత్త రూళ్లు. ఇంత పనికి నల్ల తెర చదవగలవారిని ప్రతిచోటా వెతికి పెట్టడం ఏ సర్కారుకూ సాధ్యం కాదు.

బొమ్మల తెర చేసిన మేలుకు మరో సాక్ష్యం చెబుతాను. 2003 ఆగస్టులో బ్లాస్టర్ అనే పురుగు ప్రపంచమంతటా విండోస్ కంప్యూటర్లను పడగొట్టింది. విండోస్ ఎక్స్‌పీలో అప్పటికే ఒక ఫైర్‌వాల్ ఉన్నది, కానీ అది మామూలుగా ఆపివేసి ఉండేది. 2004 ఆగస్టులో వచ్చిన సర్వీస్ ప్యాక్ 2తో దానిని మొదటి నుంచే నడిచేటట్లు పెట్టి, దాని స్థితిని అందరికీ కనబడే కిటికీలో చూపించారు. కమాండ్ అనే మాటే ఎరుగని ఇల్లాలు, బడిపంతులు, కిరాణా సేటు అందరూ ఆ గేటు వెనుకకు చేరారు. దీనిని తక్కువ చేసి మాట్లాడడం న్యాయం కాదు.

ఎవరి తిప్పలు వారివి

నల్ల తెర పక్షంవారు ఒప్పుకోవలసినది ఒకటి ఉన్నది. దూరాన ఉన్న గేటుకు ఆజ్ఞ పంపేటప్పుడు ఒక్క పంక్తి తప్పితే తన దారి తానే మూసుకుంటాడు. ఇది కూర్చున్న కొమ్మను నరుక్కోవడమే. అందుకే జునిపర్ సంస్థ పరికరాలలో ఒక ఏర్పాటున్నది. మార్పు చేసిన తరువాత 10 నిమిషాలలోగా "ఖాయం" అని మళ్లీ చెప్పకపోతే పాత రూళ్లు వాటంతటవే తిరిగి వస్తాయి. 4 అక్టోబరు 2021 నాడు ఫేస్‌బుక్, వాట్సప్ సుమారు ఆరు గంటలు ఆగిపోయిన సంగతి మీకు గుర్తుండవచ్చు. మరమ్మతు సమయంలో ఇచ్చిన ఒక ఆజ్ఞ వారి నెట్‌వర్క్‌ను తెంపివేసిందని, దానిని అడ్డుకోవలసిన తనిఖీ ప్రోగ్రాము లోపం వల్ల అడ్డుకోలేదని ఆ సంస్థే ప్రకటించింది.

బొమ్మల పక్షంవారికీ ఒక తిప్ప ఉన్నది. గేటును నడిపే ఆ వెబ్ పేజీ కూడా ఒక తలుపే. 2023 అక్టోబరులో సిస్కో పరికరాల వెబ్ పేజీలోని లోపం గుండా దుండగులు ప్రపంచంలో వేల పరికరాలలోకి చొరబడ్డారు. 2024 నవంబరులో పాలో ఆల్టో ఫైర్‌వాళ్ల నిర్వహణ పేజీలోనూ అటువంటి లోపమే బయటపడింది. కాపలావాడు కూర్చునే గదికి కిటికీ పెట్టి, దానిని బజారు వైపు తెరిచి ఉంచితే జరిగేది అదే. ఆ పేజీని ఇంటర్నెట్‌కు కనబడనీయకుండా లోపలి నుంచి మాత్రమే తెరుచుకునేటట్లు పెట్టాలని నిపుణులందరూ చెబుతారు.

ఇక తప్పులు ఎందులో ఎక్కువ? దీనికి లెక్క కట్టినవారు ఉన్నారు. టెల్ అవీవ్ విశ్వవిద్యాలయానికి చెందిన అవిషాయ్ వూల్ 37 ఫైర్‌వాళ్ల రూళ్లను పరిశీలించి 2004లో వ్యాసం ప్రకటించారు. అవన్నీ చెక్ పాయింట్ వారి బొమ్మల తెరతో నడిచేవే. చాలావాటిలో తీవ్రమైన తప్పులున్నాయి. 2010లో ఆయన మరింత పెద్ద పరిశీలన చేశారు, అందులో చెక్ పాయింట్‌తో పాటు సిస్కో పిక్స్ ఫైర్‌వాళ్లను కూడా చేర్చారు. పిక్స్ కమాండ్ల పుట్టింటిది. ఫలితం మారలేదు. రెండు రకాలలోనూ తప్పులున్నాయి. జాబితా ఎంత చిక్కుపడితే తప్పులు అంత ఎక్కువ. కాబట్టి తప్పు తెరలో లేదు, రూళ్లు పేరుకుపోయిన తీరులో ఉన్నది.

రిటైరైన తరువాత ఈ పని చేసే కుర్రవాణ్ణి ఒకసారి అడిగాను. ఒక కార్యాలయపు గేటు జాబితాను తెర మీద నాకు చూపిస్తూ, అందులో ఒక రూలు మీద వేలు పెట్టాడు.

"ఇదెందుకు పెట్టిండ్రు తమ్మీ?"

"తెల్వది సార్. నేను రాకముందు నుంచే ఉన్నది. తీసేస్తే ఏది ఆగిపోతదో అని ఎవరూ ముట్టరు."

"మరి పక్కన టెంపరరీ అని ఉన్నది కదా?"

"టెంపరరీయే సార్, ఐదేండ్ల సంది."

టెంపరరీ పోస్టులో చేరి రిటైరయ్యేదాకా అందులోనే ఉన్నవారు మన సంఘంలోనే ఉన్నారు కనుక ఆ మాటకు నాకు ఆశ్చర్యం కలగలేదు. కానీ టెంపరరీ పోస్టుకు కనీసం ఒక జి.ఓ. నంబరు ఉండేది. ఆ రూలుకు అదీ లేదు.

మూయవలసిన ఒక్క తలుపు

అలా ఊరక తెరిచి ఉన్న తలుపు ఏమి చేస్తుందో చూద్దాము. 12 మే 2017 నాడు వన్నాక్రై అనే వైరసు ప్రపంచాన్ని చుట్టింది. కంప్యూటరులోని ఫైళ్లకు తాళం వేసి, విడిపించాలంటే డబ్బు కట్టమనేది. పక్క రాష్ట్రం ఆంధ్రప్రదేశ్‌లో పలు జిల్లాల పోలీసు కార్యాలయాల కంప్యూటర్లు దాని బారిన పడ్డాయి. అది ఒక కంప్యూటరు నుంచి మరొక దానికి పాకిన దారి పైన చెప్పిన 445వ పోర్టు. దానికి మందును మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, 14 మార్చి నాడు ఇచ్చింది. మందు వేయని యంత్రానికి సైతం ఆ పోర్టును మూసే ఒక్క రూలు అడ్డుగోడ అవుతుంది. ఆ రూలును నల్ల తెర మీద పెట్టినా ఒకటే, బొమ్మల తెర మీద పెట్టినా ఒకటే. "ఈ తలుపు ఎందుకు తెరిచి ఉన్నది?" అని అడిగేవారు, దానికి జవాబు రాసి ఉన్న చోటు ఉండాలి. అంతే.

రాసిన రూలును ప్రశ్నించవచ్చు

గేటు దగ్గరి రూలు మనుషుల ప్రాణం మీదికి ఎలా వస్తుందో మన రెండు పాత జిల్లాల సరిహద్దులలోనే చూశాము. 2021 మే నెలలో కరోనా రెండవ విడత ఉధృతంగా ఉన్నప్పుడు, ఆంధ్రప్రదేశ్ నుంచి హైదరాబాదు ఆసుపత్రులకు రోగులతో వస్తున్న అంబులెన్సులను కోదాడ దగ్గర రామాపురం క్రాస్‌రోడ్డులోను, కర్నూలు దారిలో పుల్లూరు దగ్గరా ఆపివేశారు. ఒకటి పాత నల్లగొండ గడప, మరొకటి పాత మహబూబ్‌నగర్ గడప. హైకోర్టు దీనిని ప్రశ్నించింది. ఆ పిదప ఆసుపత్రిలో పడక ముందే ఖాయమై, అనుమతి ఉంటేనే రానిస్తామంటూ ప్రభుత్వం సర్క్యులరు ఇచ్చింది. 14 మే నాడు హైకోర్టు దాని మీద స్టే ఇచ్చింది.

ఆ నిర్ణయం తప్పొప్పుల చర్చ ఇక్కడ నా పని కాదు. గుమాస్తాగా నేను గమనించినది ఇది. నోటి మాట మీద బండి ఆగినంతసేపు, రోగి బంధువు బతిమాలడం తప్ప చేయగలిగినది లేదు. రూలు కాగితం మీదికి వచ్చిన తరువాత దానికి ఒక తేదీ, ఒక సంతకం, ఒక కారణం వచ్చాయి. కోర్టు దానిని చదివి ఆపగలిగింది. రాసిన రూలును ప్రశ్నించవచ్చు. రాయని రూలుకు మొక్కడమే.

కంప్యూటరు గేటుకు ఇది మరీ వర్తిస్తుంది. నాకా మనిషి ముఖమైనా కనబడేది. ఫైర్‌వాల్ ఆపిన పొట్లం ఎందుకు ఆగిందో ఎవరికీ చెప్పదు. మారుమూల మండలంలో వేలిముద్ర పడక, పోర్టల్ తెరుచుకోక ఒక రైతు గాని, ఒక వితంతు పెన్షనరు గాని వెనుదిరిగితే, వారికి వినబడేది "సర్వరు లేదు" అనే మాటే. అది నిజంగా సర్వరు దోషమా, తీగ దోషమా, ఎక్కడో గేటులో ఎవరో మార్చిన రూలా అన్నది తేలాలంటే, ఆ మార్పు రాసి ఉండాలి.

కైఫియత్ గడి

మనం పని చేసిన ఏ రిజిస్టరులోనైనా చివర ఒక గడి ఉండేది. ఉర్దూ రిజిస్టర్లలో దాని పేరు కైఫియత్, తరువాతి వాటిలో రిమార్కులు. కొత్తగా చేరిన గుమాస్తా దానిని ఖాళీగా వదిలేవాడు. మంచి సూపరింటెండెంటు మొదట చూసేది ఆ గడినే. నోట్ ఫైలు వేరు, కరెంట్ ఫైలు వేరు అని మనకు నేర్పినదీ అందుకే. ఆజ్ఞ ఒకచోట, ఆ ఆజ్ఞకు కారణం మరొకచోట, రెండూ ఒకే నంబరు కింద ఉండేవి. ఎల్.డిస్. ఫైలు ఏడాదికి చించవచ్చు, ఆర్.డిస్. ఫైలు శాశ్వతంగా ఉంచాలి అన్న వివేకమూ మనదే.

విచిత్రమేమనగా కంప్యూటరు గేట్లు తయారు చేసినవారికీ ఈ సంగతి తోచింది. చెక్ పాయింట్ పట్టికలో వ్యాఖ్యకు ఒక గడి ఉన్నది. ఐపీటేబుల్స్‌లో ప్రతి ఆజ్ఞ వెంట వ్యాఖ్య రాసే వీలున్నది. నల్ల తెరలోనూ ఉన్నది, బొమ్మల తెరలోనూ ఉన్నది, నింపే చేయి కావాలి. కేంద్ర ప్రభుత్వపు సెర్ట్-ఇన్ సంస్థ 28 ఏప్రిల్ 2022 నాటి ఆదేశాలలో కంప్యూటరు లాగులను 180 రోజులు భద్రపరచాలని, దాడి జరిగితే తెలిసిన ఆరు గంటలలో తెలపాలని చెప్పింది. లాగు అంటే గేటులో ఏమి జరిగిందో చెప్పే దినచర్య. ఎందుకు జరగనిచ్చారో చెప్పేది మాత్రం కైఫియత్ గడి ఒక్కటే.

కాబట్టి ఈ వాదనకు నా తీర్పు సూటిగా చెబుతాను. రూళ్ల అసలు ప్రతి అక్షరాలలో, ఫైలుగా ఉండాలి. ప్రతి మార్పుకు తేదీ, అడిగినవారి హోదా, కారణం, ఎప్పటిదాకా అన్న గడువు ఉండాలి. చూడడానికి, వెతకడానికి, కొత్తవారికి నేర్పడానికి బొమ్మల తెర ఉండనివ్వండి, అది మంచి అద్దం. కానీ అద్దాన్ని ఫైలు అనుకోరాదు. ఇప్పుడు పెద్ద సంస్థలు చాలావరకు ఈ దారికే వస్తున్నాయి. రూళ్లను పాఠంగా దాచి, ఒకరు రాసినదానిని మరొకరు చూసి ఒప్పుకున్న తరువాతనే గేటుకు పంపుతున్నాయి. దీనికి వారు కొత్త పేర్లు పెట్టుకున్నారు. మనం దానిని డ్రాఫ్టు పెట్టడం, అప్రూవల్ తీసుకోవడం, ఫెయిర్ కాపీ పంపడం అన్నాము.

చివరగా సభ్యులకు ఒక మనవి. మీ ఇంట్లో ఇంటర్నెట్ పెట్టె ఉంటే అందులోనూ చిన్న ఫైర్‌వాల్ ఉంటుంది, దానికీ ఒక బొమ్మల పేజీ ఉంటుంది. కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డు ఇంకా అలాగే ఉంటే మీ మనుమడితోనో మనుమరాలితోనో ఈ ఆదివారమే మార్పించండి. మార్చిన తేదీ ఒక నోటుబుక్కులో రాయించండి, పాస్‌వర్డును మాత్రం ఆ పెట్టె మీద అంటించవద్దు. ఎందుకు మార్చారో కూడా పక్కన ఒక ముక్క రాయమనండి. పిల్లలు నవ్వితే నవ్వనివ్వండి. నలభై ఏండ్ల నాటి పహాణీలో ఒక కైఫియత్ మాటతో భూమి నిలబెట్టుకున్నవారు మన రెండు జిల్లాలలో ఇంటికొకరు ఉంటారు. ఆ మాట విలువ వారికి మనమే చెప్పాలి.